వదులైన చక్రము



కైకకు దశరథుడు రెండు వరములు ఏల యిచ్చెనని మన పిల్లలనడిగినచో, యుద్ధమధ్యమున రథచక్రపు కడసీల ఊడిపోగా ఆమె తన వ్రేలిని సీలకు మారుగా నుంచి రథమును నిలిపెనని వెంటనే చెప్పుదురు. వాల్మీకి యీ మాట చెప్పలేదు. శంబరునితోడి యుద్ధమున దెబ్బలు తిని మూర్ఛిల్లిన భర్తను రణరంగమునుండి దూరముగా గొనిపోయి కాపాడెనని మాత్రమే ఆయన పలికినది. వ్రేలి కథ తరువాతివారు చేర్చినది. అయినను మన యిండ్లలో నిలిచినది ఆ కథయే. చిన్నతనమున మా తాతగారి యొద్ద రామాయణము చదువుకొను దినములలో నాకొక సందేహము కలిగెడిది. సీల వదులైనదని గుఱ్ఱములను తోలువానికి తెలియలేదు, బాణములు వేయువానికి తెలియలేదు. ఊరక కూర్చున్న ఆమెకే ఎట్లు తెలిసినది? మా తాతగారు నవ్వి యూరకుండిరి. ఆ ప్రశ్నకు సమాధానము మొన్న సంక్రాంతి ప్రయాణమున నాకు దొరకినది. ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యింట ఒక పాత కారు కలదు. మా మామగారు ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన సంవత్సరమున, అనగా 2003లో, కొన్న మారుతి 800. ఆ జాతి బండి మొదట 1983 డిసెంబరులో ఢిల్లీలో కొనువారి చేతికి వచ్చినది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయినది. నడుమ ముప్పది యేండ్లు మధ్యతరగతివారి పెండ్లిండ్లకును పురుళ్లకును తీర్థయాత్రలకును తిరిగిన బండి యది. సొంత కారునకు మొదట పదునైదేండ్లకు రిజిస్ట్రేషను ఇచ్చుదురు. పిదప బండిని పరీక్ష చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. మా బండికి అట్టి పొడిగింపు రెండు పర్యాయములైనది. కాగితములు సరిగా నున్నవి గనుక బండియు సరిగా నున్నదని మావారి నమ్మకము. బడిపంతుళ్లకు కాగితముమీద విశ్వాసము కొంచెము హెచ్చు.

సంక్రాంతికి మా పుట్టినింటికి బయలుదేరితిమి. మోకాళ్ల నొప్పులుగల మా అత్తగారు ముందు కూర్చుండిరి. నేనును తొమ్మిదేండ్ల మా అబ్బాయియు వెనుక కూర్చుంటిమి. ఊరు దాటిన అరగంటకు వెనుక ఎడమ చక్రము పంచరైనది. దారిప్రక్కనున్న పాకలో ఒక కుర్రవాడు చక్రమును విప్పి, అతుకు వేసి, మరల తొడిగి, గాలితో తిరుగు గన్నును పట్టి బిర్రుబిర్రున నాలుగు నట్లు బిగించి, చేతులు తుడుచుకొనెను. అంతయు పావుగంటలో ముగిసినది. పండుగ దినములు; అతని ముందు ఇంకను మూడు బండ్లు నిలిచియున్నవి. మావారు సొమ్మిచ్చి బయలుదేరదీసిరి. బిగింపు సరిచూడవలెనని అతనికి తోచలేదు, మాకును తోచలేదు.

మరి యొక గంట గడచినది. దారిలో గతుకు వచ్చి బండి మెల్లగా నడచినప్పుడెల్ల నా కూర్చున్న చోటికి క్రిందుగా "టక్కు... టక్కు" అని యొక చప్పుడు వినవచ్చెను. వేగము హెచ్చగానే అది రొదలో కలిసిపోవును. వేగము తగ్గగానే మరల వినవచ్చును. చక్రము తిరిగినకొలది తిరుగు చప్పుడు, తిరుగలిలో రాయి పడినట్లు. నేను రెండు పర్యాయములు వినియు మూడవసారి గాని నోరు తెరువలేదు.

"ఏమండీ, చక్రము దగ్గర ఏదో చప్పుడగుచున్నది" అంటిని.

"టైరులో రాయి ఇరికినది కాబోలు. ఇల్లు చేరిన పిదప తీసెదను" అనిరి.

నేను మరల మాటాడలేదు. అన్నము మాడుచున్నదనియో బిడ్డకు జ్వరము వచ్చుచున్నదనియో చెప్పునప్పుడు మన గొంతులో నుండు ధైర్యము, యంత్రము చెడినదని చెప్పవలసివచ్చినప్పుడు ఎచ్చటికి పోవునో తెలియదు. తెలిసినవారు రాయి యనిరి గదా, రాయియే కావచ్చునని సమాధానపడితిని. ఆ సమాధానపడుటను తలచుకొన్నచో నాకిప్పటికిని ఒడలు జలదరించును.

కాలువ వంతెన దిగునప్పుడు బండి వెనుకభాగము ఒకమారు ఎడమకు ఒరిగి, తోక యాడించినట్లు ఊగినది. "అమ్మా, నా కాళ్ల క్రింద ఎవరో కొట్టుచున్నట్లున్నది" అని అబ్బాయి అనెను. అప్పుడు నేను "ఆపుడు" అంటిని. పెండ్లియైన పదునాలుగేండ్లలో మావారితో నేనట్లు మాటాడి యెరుగను. ఆయన మారు పలుకక ఒక నిద్రగన్నేరు చెట్టు క్రింద ఆపిరి.

దిగి చూచితిమి. నాలుగు నట్లలో ఒకటి లేదు. ఒకటి నా వ్రేళ్లతో త్రిప్పిన తిరిగినది. తక్కిన రెండును వానికంటె మేలనిపించినవిగాని, పానా పట్టగా ఒక్కొక్కటి చుట్టున్నర తిరిగెను. డిస్కుమీద నట్ల చుట్టు తుప్పురంగు పొడి రాలి, మధ్యమధ్య ఒరసికొనిన చోట ఇనుము తళతళ మెరయుచుండెను. ఇంకొక పది మైళ్లు నడచినచో చక్రము తన దారిని తాను పోయియుండెడిది. ఊడిన చక్రము ఊరకపడదు. బండివేగముతో దొర్లుచు ఎదుటివారిపైబడును. ఆ దారిన పండుగకు గంగిరెద్దులవారు పిల్లలతో నడచిపోవుచుండిరి.

చెడిన చక్రము విప్పి, స్టెప్నీ తొడిగి, మిగిలిన మూడు నట్లతో బిగించి, నడచునంత మెల్లగా తరువాతి యూరి మెకానిక్కు షెడ్డు చేరితిమి. మూడు నట్లతో నడపుట ఆపద్ధర్మమే గాని ధర్మము కాదు. ఆ షెడ్డులోని వృద్ధుడు మాకు చెప్పిన మాటలును, పిదప నేను పుస్తకములు చూచి తెలిసికొనినదియు కలిపి యిచ్చట వ్రాయుచున్నాను.

ఆయన మొదట డిస్కును ఎత్తి వెలుతురునకు పట్టి చూపెను. స్టడ్డులు దూరు రంధ్రములు గుండ్రముగా నుండవలసినవి కోడిగ్రుడ్డు ఆకారమున సాగియుండెను. "ఈ డిస్కు ఇంక పనికిరాదమ్మా. ఎంత బిగించినా నిలవదు" అనెను. ఒక స్టడ్డు మర చుట్లు నలిగిపోయియుండెను. ఆయన ఆ యొక్కదానినే గాక నాలుగింటిని మార్చెను. ఒకటి లేని కాలమున మిగిలినవి దాని బరువునుగూడ మోసి అలసియుండునట. పైకి బాగుగా కనబడినను నమ్మరాదట. ఉమ్మడి కుటుంబములలో మెలగిన మనకు ఆ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

పిదప ఆయన కారణములు చెప్పసాగెను. నేను పంచరు పాకలోని కుర్రవానినే నిందించుటకు సిద్ధముగా నుంటిని. అతని తప్పును కలదు. నట్టునకు ఒక కొన కోసుగా, గరాటు మూతివలె నుండును. డిస్కు రంధ్రపు అంచును గరాటువలెనే పల్లముగా నుండును. కోసు భాగము లోనికి పోయి ఆ పల్లములో కూర్చుండినప్పుడే చక్రము నడిమికి వచ్చి కదలక నిలుచును. అతడు త్వరలో ఒక నట్టును తలక్రిందుగా బిగించెను. ఊడిపోయినది అదియే కాబోలునని వృద్ధుని ఊహ. ఏలయన ఆ రంధ్రపు పల్లములో కోసు కూర్చున్న గురుతు లేక, అంచుమీద మాత్రము చదునైన ఒత్తిడి గీత యుండెను.

కాని ఆయన అంతటితో విడువలేదు. గోటితో డిస్కును గీకి, "ఈ వెండిరంగు ఎవరు వేశారమ్మా?" అనెను. నేను మావారి వైపు చూచితిని. ప్రతి విజయదశమికి ఆయుధపూజకు ముందు మావారు డిస్కులకు స్వహస్తముతో వెండిరంగు పూయుదురు. అయిదేండ్ల పూతలు పొరలు పొరలుగా ఆ పల్లములలో పేరుకొనియున్నవి. డిస్కు వెనుక, హబ్బుమీద, అనగా చక్రపు నాభిమీద, తుప్పు రేకులును ఎండిన బురదయు కలవు. ఇవిగాక స్టడ్డుల మరలు జిడ్డుగా నున్నవి. తుప్పు పట్టకుండ మావారు కొబ్బరినూనె రాసిరి! మా అత్తగారు బెంచీమీద కూర్చుండి, "నా తలకు లేదన్న నూనె ఇక్కడకు చేరిందా?" అనిరి. దేవుడు చల్లగా చూచినందున మాకందరకు నవ్వు వచ్చినది.

ఇంత చిన్న రంగుపొర అంత చేటు ఎట్లు తెచ్చునని నాకు అప్పుడర్థము కాలేదు. తరువాత తెలిసినది. దానిని మీకు విప్పి చెప్పుటకు నాకు వీణయే దొరకినది.

చక్రమును నట్టు పట్టుకొని యున్నదని మనమనుకొందుము. నిజమునకు పట్టుకొనునది స్టడ్డు. నట్టును త్రిప్పుచుండగా స్టడ్డు, బిరడ త్రిప్పినప్పుడు వీణతంత్రి సాగినట్లు, కొంచెము సాగును. ఇనుము సాగునా యని శంకింపకుడు. సాగును, సాగి మరల పొట్టిపడవలెనని లాగుచుండును. ఆ లాగుటయే డిస్కును నాభికి అదిమి పట్టును. రెంటి నడుమ పుట్టు రాపిడియే బండి బరువును బ్రేకు తాకిడిని మోయును. చిలుకకొయ్యకు సంచి వ్రేలాడినట్లు చక్రము స్టడ్డులపై వ్రేలాడుటలేదు. స్టడ్డులు వ్రేలాడదీయు కొయ్యలైన దినమున అవి నలుగుటకు ఆరంభించిన దినమని తెలియవలెను.

ఇక ఆ సాగుడు ఎంత? తల వెంట్రుక మందమునకు మించదు. రంగుపూత మందము కూడ ఇంచుమించు అంతియే! బండి నడుచుచుండగా ఒత్తిడికి ఆ రంగు నలిగి పలుచబడును. తుప్పురేకు పొడియై రాలును. వెంట్రుకవాసి సాగుడులో సగము వాసి పోయినచో బిగువులో సగము పోయినట్లే. నట్టు ఒక్క చుట్టైనను తిరుగనక్కరలేదు. నిన్న శ్రుతిగా నున్న తంత్రి నేడు దిగిపోయినట్లు స్టడ్డు దిగిపోవును. ఆపైన డిస్కు నాభిమీద ప్రక్కప్రక్కలకు ఒరయుటకు మొదలుపెట్టును. 1969లో జర్మనీ దేశపు ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ఈ సంగతిని పరీక్షచేసి చూపెను: బిగించిన నట్టును పైకి క్రిందికి లాగు తాకిడికంటె, బిగింపునకు అడ్డముగా ప్రక్కలకు వచ్చు కదలికయే త్వరగా విప్పివేయునట. ప్రక్కకు జారిన ప్రతిమారు మరలోని రాపిడి ఒక్క క్షణము సడలును. ఆ సందున నట్టు వెనుకకు కొంచెము జరుగును. మెట్లు దిగు పసివానివలె ఒక్కొక్క మెట్టే దిగి తుదకు వాకిట పడును.

అట్లయిన బలముకొలది బిగించినచో తీరిపోవును గదా యని మీరనవచ్చును. మావారును అట్లే యనిరి. ఆ వృద్ధుడు తల అడ్డముగా ఊపెను. తంత్రిని మితిమీరి బిగించినచో తెగును. తెగకున్నను, ఒక మేర దాటి సాగిన ఇనుము తిరిగి పొట్టిపడదు. చేతికి బిగువుగనే తోచును గాని దానిలో లాగు బలము చచ్చిపోయి యుండును. గన్నుతో అడ్డుఆపు లేక బిగించుటలో ఈ ప్రమాదము కలదు. అంతేకాక, దారిలో చక్రము మార్చవలసి వచ్చినప్పుడు అట్టి నట్లు ఇంటి పానాకు లొంగవు. నూనె సంగతియు ఇట్టిదే. పొడి మరకు ఇంత బిగింపని తయారుచేయువారు నిర్ణయించియుండ, నూనెతో మర జారుడు పట్టగా అదే బలమునకు స్టడ్డు మరింత సాగిపోవును. మర శుభ్రముగాను పొడిగాను ఉండవలెను, చాలు. తలుపు బందులకు నూనె మేలు గనుక అన్నిటికిని మేలనుకొనరాదు.

మరి ఎంత బిగువు? బండితో వచ్చు చేతిపుస్తకములో వ్రాసియుండును. న్యూటన్ మీటర్లని కొలత. బండినిబట్టి మారునుగాని, అనేకమైన చిన్న కార్లకు 85 మొదలు 110 వరకు ఉండును. ఆ కొలత మనకు అర్థమగు మాటలో చెప్పవలెనన్న, అరమీటరు పొడవుగల పానా కొనను 20 కిలోల బియ్యపు బస్తా వ్రేలాడదీసినంత బలము సుమారు 98 అగును. బండితో ఇచ్చు పానా ఇంచుమించు దానిలో సగము పొడవే యుండును. కావున దానిమీద అదే బిగువునకు 40 కిలోల బలము కావలెను. మన చేతులకు చాలదని నిరాశపడనక్కరలేదు. పొడవు పానా కొనుక్కొన్నచో బలము మిగులును. కొలత చూపు టార్క్ రెంచి యనునది వేరుగా దొరకును. నిర్ణయించిన బిగువు రాగానే టక్కుమని పలుకును. మేము మావారి మిత్రుల నలుగురితో కలిసి ఒకటి కొంటిమి. ఇప్పుడది ఇంటింట తిరుగుచున్నది, మునుపు పేరంటపు గంధపు గిన్నె తిరిగినట్లు.

చక్రము మార్చు పద్ధతి నేను ఆ మరునాడు పుట్టింటి వాకిట నేర్చుకొంటిని. మా తమ్ముడు వీథిలోనివారు చూచుచున్నారని నసిగెను. చూడనిమ్మంటిని. చెంగు నడుమున దోపి, జడ ముడి చుట్టి, గాజులు తీసి గూటిలోపెట్టి మొదలుపెట్టవలెను. బండి చదునైన గట్టి నేలమీద నుండవలెను. చేతిబ్రేకు వేసి, విప్పు చక్రమునకు ఎదురు మూలనున్న చక్రము ముందును వెనుకను రాళ్లు పెట్టవలెను. జాకీ ఎత్తకముందే, చక్రము నేలనుండగనే, నట్లను అప్రదక్షిణముగా అరచుట్టు సడలింపవలెను. గాలిలో తిరుగు చక్రముతో పెనుగులాడుట వ్యర్థము, జాకీ ఒరుగునన్న భయముకూడ కలదు. సడలించుటకు చేతిబలము చాలనప్పుడు పానాపై పాదము మోపి మెల్లగా అదుమవచ్చును. బిగించునప్పుడు మాత్రము పానాపైకి ఎక్కి త్రొక్కుట తగదు. జాకీ మీదనున్న బండి క్రిందికి చేయిగాని తలగాని ఎన్నడును పోనీయరాదు. ఊడిపోయిన నట్టు దొర్లి క్రిందికి పోయినను సరే.

చక్రము తొడుగుటకు ముందు డిస్కు వెనుకతట్టును నాభిముఖమును ఇనుప కుంచెతో రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. ఇత్తడి బిందెలు తోముట యెరిగిన మనకు ఇది చెప్పవలసినది కాదు. నాలుగు నట్లను కోసుభాగము లోనికి పోవునట్లు, మొదట వ్రేళ్లతోనే చివరవరకు త్రిప్పవలెను. వ్రేళ్లతో పోని నట్టును పానాతో నెట్టినచో మర నలుగును, అట్టిది మార్చదగినది. తరువాత పానాతో కొంచెము బిగించి, జాకీ దించి, నేలమీదనే చివరి బిగువు తేవలెను. వరుసగా చుట్టును బిగించుకొనిపోరాదు. ఒకటి బిగించి దానికెదురుదానిని, పిదప మిగిలిన రెంటిని, అట్లు రెండు మూడు విడతలుగా బిగింపవలెను. ఆవిరికుడుములకు కుండమీద వాసెన కట్టునప్పుడు ఒకవైపే లాగినచో గుడ్డ ఒరిగిపోవును గదా. ఎదురెదురుగా లాగుచు సరిచేయుదుము. డిస్కును అట్లే.

ఇక అందరును మరచునది, మేము మరచినది, ఒకటి కలదు. చక్రము విప్పి తొడిగిన తరువాత 50 మొదలు 100 కిలోమీటర్లు నడిచినపిదప నట్లను మరల ఒకమారు పానాతో చూడవలెను. లోపలి ధూళియు తుప్పును నలిగి సర్దుకొనుట ఆపాటికి ముగియును. తగ్గిన బిగువు అప్పుడు తేరుకొనును. కొత్త నులక మంచమును నాలుగు దినములు పడుకొనినపిదప మరల బిగించుకొనుట లేదా? పంచరు వేయించిన ప్రతిసారి, టైరులు మార్పించిన ప్రతిసారి, బ్రేకులు చూపించిన ప్రతిసారి ఇది తప్పదు. పనివాడు ఎంత నేర్పరియైనను తప్పదు. రెండవమారు బిగించినదియు మరల వదులైనచో బిగించుట మాని కారణము వెదకవలెను: స్టడ్డు సాగినదో, రంధ్రము అరిగినదో, ఆ డిస్కునకు చెందని నట్టు తెచ్చి పెట్టిరో. పాత బండ్లకు ఒక్కొక్క నట్టు ఒక్కొక్క ఊరినుండి వచ్చియుండును. అల్లాయ్ చక్రములకు వచ్చు కొన్ని నట్లకు కోసు లేక చదునైన బిళ్ల యుండును. అవి ఇనుప డిస్కులో కూర్చుండవు.

ఇక్కడ నేనొక వింత తెలిసికొంటిని. సైకిలు ఎడమ పెడలునకు మర విపరీతము. అప్రదక్షిణముగా త్రిప్పిననే బిగియును. త్రొక్కుచుండగా విప్పుకొనకుండుటకట్లు చేసిరి. అదే తలంపుతో కొన్ని పాత లారీల ఎడమ చక్రములకును ఎదురు మర నట్లు పెట్టిరి. మావంటి కార్లకు ఆ భేదము లేదు. నాలుగు చక్రములకును ప్రదక్షిణమే బిగింపు. లారీలుగల యిండ్లవారు మాత్రము పట్టి త్రిప్పుటకు ముందు తెలిసికొనవలెను.

ఇంకొక నట్టును గూర్చి చెప్పక విడువరాదు. మారుతి 800 వలె ముందు చక్రములే బండిని లాగు కార్లలో, ముందు చక్రపు నాభి నడుమ, మూత క్రింద, ఒక పెద్ద నట్టుండును. అది చక్రమును పట్టుకొను నట్టు కాదు. ఇంజనునుండి వచ్చు ఇరుసును నాభితో కలిపి, బేరింగును తగినంత అదిమి పట్టునది. దాని బిగువు చక్రపు నట్లకంటె చాల హెచ్చు. అది విప్పుకొనకుండ కొన్ని బండ్లలో రెండు కాళ్ల పిన్ను గుచ్చి కాళ్లు విరిచి మడచుదురు. కొన్నింట నట్టు అంచునే ఇరుసు గాడిలోనికి గొట్టి నొక్కుదురు. మన కడసీల మనుమరాలే ఆ పిన్ను! ఒకసారి తీసిన పిన్ను మరల వాడక కొత్తది వేయించుకొనవలెను. ఈ నట్టు సడలినచో బేరింగు చెడి, మొదట నూతిగిలకవంటి గరగర రొదయు, పిదప చక్రమున ఆటయు పుట్టును. జాకీ మీద చక్రమును పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టి ముందునకు వెనుకకు ఊపినప్పుడు కదలిక తెలిసినచో బండిని మెకానిక్కునకు చూపవలసినదే. ఇది వాకిట చేయు పని కాదు. చెప్పుట మాత్రము మన పని.

ఇప్పుడు కైక సంగతి. సారథి కన్నులు దారిమీద, చేతులు పగ్గములమీద నుండును. యోధుని మనస్సు శత్రువుమీద నుండును. చక్రముప్రక్కన ఊరక కూర్చున్న దానికి ఒక్క చెవియే పని. నేను కూర్చున్నది ఆ ఎడమ చక్రమునకు సరిగా మీద. చప్పుడు నాకు వినబడి మావారికి వినబడకుండుట ఆయన తప్పు కాదు, నా ప్రజ్ఞయు కాదు; చోటు అట్టిది. ఆ మాట మావారే ఆ రాత్రి మా నాన్నగారి ఎదుట అనిరి. "రాయి యనుకొంటిని. మరల అడిగియుండవలసినది" అనిరి. నేనును మరల చెప్పియుండవలసినది.

ఇంటికి వచ్చినపిదప నేనొక పని చేసితిని. బస్సుల చక్రములపై కొన్నింట పసుపుపచ్చని ముల్లుబిళ్లలు నట్లకు తగిలించియుండుట మీరు చూచియుందురు. నట్టు తిరిగిన ముల్లు తిరిగి వెంటనే తెలియును. మాకు ముల్లులు లేవు. అత్తగారు మనుమరాలి పెండ్లికి కొన్న ఎర్రని గోళ్లరంగు సగము సీసా మిగిలియుండెను. సరిగా బిగించిన నట్లన్నిటిమీదుగా డిస్కువరకు ఒక్కొక్క సన్నని గీత గీచితిని, పల్లములో పడకుండ. నట్టు జరిగినచో గీత విరుగును. చక్రమునకు నాలుగు చొప్పున పదునారు గీతలు. బండి తీయు దినములలో ఉదయమున మా అబ్బాయి చుట్టు తిరిగి లెక్కపెట్టి, "పదహారూ తిన్నగా ఉన్నాయి నాన్నగారూ" అని చెప్పినగాని మావారు తాళపుచెవి చేత పట్టుటలేదు. వచ్చు విజయదశమికి డిస్కులకు వెండిరంగు లేదు; కుంకుమబొట్టు చాలునని అత్తగారు తీర్మానించిరి.